మొక్కజొన్న చేల నడుమ విశ్వవిద్యాలయం

గత ఏప్రిల్‌లో ఒక ఆదివారం, అసర్ నమాజు అనంతరం, గుంటూరు జిల్లాకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగు పూర్తి చేసింది. చేతిలో రెండు ప్రవేశపత్రాలు ఉన్నాయి. ఒకటి టెక్సాస్‌లో డాలస్ నగరానికి చేరువలో ఉన్న ఒక కళాశాలది. రెండవది అయోవా రాష్ట్రంలో, ఏమ్స్ అనే చిన్న పట్టణంలో ఉన్న అయోవా స్టేట్ విశ్వవిద్యాలయానిది. "డాలస్‌లో మనవాళ్ళు వేలమంది ఉన్నారు, అయోవాలో మొక్కజొన్న చేలు తప్ప ఏమున్నాయి?" అని హైదరాబాదులో కన్సల్టెన్సీ వారు తేల్చి చెప్పారట. మాస్టారికి ఉన్నది పెన్షను, ఊరి చివర రెండు వందల గజాల స్థలం. బ్యాంకు రుణం తీసుకుంటే వడ్డీ. ఆయన జీవితంలో ఇంతవరకు వడ్డీ జోలికి పోలేదు. స్థలం అమ్మితే అమ్మాయి పెళ్ళికని దాచింది పోతుంది.

ఇటువంటి ప్రశ్న మాకు కొత్త కాదు. కొన్నేళ్ళ క్రితం మా తమ్ముని కుమారుడు ఇదే విధంగా ఒక మహానగరపు అంచున ఉన్న కళాశాలకు వెళ్ళాడు. ఎంపిక కన్సల్టెన్సీ వారిది, సంతకం మాది. ఏ కళాశాలలో చేర్పిస్తే తమకు ఎంత కమీషను ముడుతుందో వారు చెప్పలేదు, మేమూ అడగలేదు. రెండేళ్ళ తరువాత చేతికి పట్టా వచ్చింది కాని, ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఏదీ ఆ కళాశాల గడప తొక్కలేదు. ఆ అప్పు మా కుటుంబం ఇప్పటికీ తీరుస్తూనే ఉంది. అందువల్ల మాస్టారి కాగితాలను మేము కొంచెం ఎక్కువ శ్రద్ధగానే చూశామని ఒప్పుకోవాలి.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అన్ని దేశాల కంటె మనదే అగ్రస్థానం. వారిలో తెలుగు పిల్లల వాటా ఎంతటిదో మన వీధులను చూస్తేనే తెలుస్తుంది. ఇంతమందిలో ఎక్కువమంది చూపు కొద్ది మహానగరాల వైపే. ఒకే కళాశాలలో, ఒకే కోర్సులో, ఒకే ఊరి పిల్లలు వందల కొద్దీ చేరి, అందరూ అవే పదిపన్నెండు కంపెనీలకు దరఖాస్తు చేసుకుంటున్నారు. మనవాళ్ళు ఉన్నచోట అద్దె గది త్వరగా దొరుకుతుంది, నిజమే. ఉద్యోగం కూడా అదే లెక్కన దొరుకుతుందనుకోవడం పొరపాటు.

అయోవా సంగతి చూద్దాం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభా సుమారు 32 లక్షలు. మన ఉమ్మడి జిల్లా ఒకదానికి అటూ ఇటూ. అక్కడి పందుల సంఖ్య మాత్రం రెండు కోట్ల పైచిలుకు! మాస్టారు ఈ మాట విని కాసేపు మౌనంగా ఉండిపోయారు. కాని అదే రాష్ట్రం మొక్కజొన్న పంటలో దేశానికి మొదటిది, తన విద్యుత్తులో సగానికి పైగా గాలిమరల నుంచి తీస్తుంది. జాన్ డీర్ ట్రాక్టర్లు తయారయ్యే వాటర్లూ, విత్తన పరిశోధనలో పేరెన్నికగన్న పయొనీర్ సంస్థ వెలసిన జాన్‌స్టన్, విమానాల ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే కాలిన్స్ ఉన్న సీడర్ రాపిడ్స్, బీమా కంపెనీలకు నిలయమైన డిమోయిన్, అన్నీ ఆ రాష్ట్రంలోనివే. నిరుద్యోగం తక్కువగా ఉండే రాష్ట్రాలలో అయోవా ఏనాటి నుంచో ఒకటి. జనం తక్కువ, పని ఎక్కువ.

అక్కడి విశ్వవిద్యాలయం ఆ పనికోసమే పుట్టింది. 1862లో అమెరికా ప్రభుత్వం మోరిల్ చట్టం చేసి, వ్యవసాయమూ యంత్రవిద్యా నేర్పే కళాశాలల కోసం రాష్ట్రాలకు భూములు కేటాయించింది. ఆ చట్టాన్ని అందరికంటె ముందు అంగీకరించిన రాష్ట్రం అయోవా. వ్యవసాయ ఇంజనీరింగును ఒక ప్రత్యేక విద్యగా 1905లో ప్రారంభించింది అయోవా స్టేట్‌లోనే. మన వారికి ఇది పూర్తిగా పరాయి కథ కాదు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి అండగా నిలిచింది మరొక గ్రామీణ రాష్ట్రపు విశ్వవిద్యాలయమైన కాన్సస్ స్టేట్. బాపట్ల కళాశాల ఆ కొత్త విశ్వవిద్యాలయంలో భాగమైంది. అంటే మాస్టారి అమ్మాయి చదివిన చదువుకు మూలం ఆ మొక్కజొన్న చేలలోనే ఉన్నదన్నమాట.

ఇంతవరకు బాగుంది. ఇక, "ఉద్యోగాలు బాగా ఉన్న రాష్ట్రం" అన్న మాటను ఉన్నదున్నట్లు నమ్మరాదు. ఎవరికి ఉన్నాయి అన్నది అసలు ప్రశ్న. అమెరికా విద్యాశాఖ కాలేజ్ స్కోర్‌కార్డ్ పేరిట ఒక్కొక్క కళాశాలలో, ఒక్కొక్క కోర్సు చదివినవారి సంపాదన ఎంతో ప్రకటిస్తుంది. కన్సల్టెన్సీల వారు ఆ అంకెలనే రంగుల కాగితాల మీద అచ్చువేసి చూపుతారు. కాని ఆ లెక్కలోకి వచ్చేది అక్కడి ప్రభుత్వ ఆర్థిక సహాయం పొందిన విద్యార్థులే. మన పిల్లలకు ఆ సహాయం అందదు గనుక వారు ఆ లెక్కలో ఉండరు. అలాగే సీడర్ రాపిడ్స్‌లో వేలమంది ఇంజనీర్లు పనిచేస్తున్నా, సైన్యానికి సంబంధించిన పనులలోకి పౌరసత్వమో శాశ్వత నివాసమో లేనివారిని సాధారణంగా తీసుకోరు. ట్రాక్టర్ల కర్మాగారాలైనా ఎల్లకాలం ఒకే తీరున నడవవు. పంటల ధరలు పడిపోయి రైతులు కొనుగోళ్ళు తగ్గించుకోగా, 2024లో డీర్ కంపెనీ అయోవా, ఇల్లినాయి కర్మాగారాలలో వందలమందిని తొలగించింది. గూగుల్, మైక్రోసాఫ్ట్, మెటా సంస్థల పెద్ద పెద్ద డేటా కేంద్రాలు ఆ రాష్ట్రంలో ఉన్న మాట నిజమే కాని, భవనం ఎంత పెద్దదో అందులోని ఉద్యోగాలు అంత తక్కువ. బీమా కంపెనీలలో గణితం, సంఖ్యాశాస్త్రం చదివినవారికి మంచి గిరాకీ ఉంది. ఆ ఉద్యోగం మన ధర్మానికి ఎంతవరకు సమ్మతమన్నది ప్రతి కుటుంబమూ తమ ఆలిములను అడిగి ముందుగానే తేల్చుకోవలసిన విషయం. మాంస పరిశ్రమ సంగతి చెప్పనక్కరలేదు.

కనుక రాష్ట్రాన్ని కాదు, విభాగాన్ని చూడాలి. అమ్మాయి చేత మేము ముందుగా చేయించిన పని, ఆ విభాగానికి నేరుగా ఉత్తరం వ్రాయించడం. గత రెండేళ్ళలో మీ దగ్గర ఎం.ఎస్. చేసిన విదేశీ విద్యార్థులు ఎంతమంది, వారు ఎక్కడ చేరారు, ఏ కంపెనీలు విదేశీయులను తీసుకున్నాయి అని అడిగింది. రెండు చోట్లకూ ఒకే ఉత్తరం. ఏమ్స్ నుంచి నాలుగవ రోజున వివరాలతో జవాబు వచ్చింది. డాలస్ సమీపపు కళాశాల నుంచి వచ్చింది రుసుము కట్టవలసిన గడువు తేదీ మాత్రమే. మాకు ఆ జవాబే చాలు అనిపించింది. అయినా కళాశాలకు గుర్తింపు ఉన్నదా లేదా అన్నది కూడా చూశాము. అయోవా స్టేట్‌కు హయ్యర్ లెర్నింగ్ కమిషన్ గుర్తింపు ఉంది. ఇది చాదస్తం కాదు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరుతో అమెరికా అధికారులే పన్నిన వల బయటపడినప్పుడు 129 మంది భారతీయ విద్యార్థులు నిర్బంధంలోకి వెళ్ళారు. వారిలో తెలుగువారు చాలామంది. తరగతులే జరగని చోటికి ఇన్ని కుటుంబాలు డబ్బు పంపాయి.

వీసా లెక్క కూడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఎఫ్-1 వీసా మీద చదివినవారికి చదువు తరువాత ఒక సంవత్సరం పనిచేసే అవకాశం ఉంటుంది. సైన్సు, ఇంజనీరింగు, గణితం వంటి కోర్సులకు మరి 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. మొదటి సంవత్సరంలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. పోటీ తక్కువగా ఉండే చోట చదవడం వల్ల కలిగే మేలు ఇక్కడే తెలుస్తుంది. ఆ తొంభై రోజులు మహానగరంలో గడిచిపోయినంత వేగంగా మరెక్కడా గడవవు. తరువాతి మెట్టు హెచ్-1బి. దానికి ఏటా పరిమితి 85,000, ఎంపిక అదృష్టం మీద ఆధారపడింది. పైగా 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటన వెలువడింది. రేపు ఏ నియమం మారుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. విశ్వవిద్యాలయాలలో ఉద్యోగాలకు మాత్రం ఆ వార్షిక పరిమితి వర్తించదు. పరిశోధన మీద ఆసక్తి ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. వైద్యులకైతే గ్రామీణ ప్రాంతమే తలుపు తెరుస్తుంది. అక్కడ శిక్షణ పొందిన విదేశీ వైద్యులు వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే, రెండేళ్ళు స్వదేశంలో ఉండి రావాలన్న నిబంధన నుంచి మినహాయింపు లభిస్తుంది. కాన్రాడ్ 30 అనే ఈ పథకం కింద ఒక్కొక్క రాష్ట్రానికి ఏటా 30 మందికి అవకాశం.

మాస్టారికి ఇన్ని లెక్కలు చెప్పాక అమ్మాయి మెల్లగా అంది: "చాచాజీ, దాదీ ఒకటే అడిగింది. అక్కడ మస్జిదు ఉందా అని."

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మాకు అన్నిటికంటె సంతోషం కలిగించింది. ఏమ్స్‌లో ఇస్లామిక్ సెంటర్ ఉంది. కాని అసలు కథ సీడర్ రాపిడ్స్‌ది. పంతొమ్మిదవ శతాబ్ది చివరి నుంచి సిరియా, లెబనాన్ ప్రాంతాల ముస్లిములు బతుకుతెరువు వెదుక్కుంటూ ఆ గ్రామసీమకు చేరారు. వీపున మూటలు మోసుకొని, పొలం నుంచి పొలానికి తిరిగి, సూదీ దారం మొదలుకొని బట్టల వరకు రైతుల ఇళ్ళవద్ద అమ్మేవారు. కూడబెట్టినవారు కిరాణా దుకాణాలు పెట్టుకున్నారు. దేశమంతా ఆర్థిక మాంద్యంలో అల్లాడుతున్న కాలంలో, 1934లో, ఆ కొద్దిపాటి కుటుంబాలు చందాలు వేసుకొని ఒక చెక్క మస్జిదు కట్టుకున్నాయి. దానికి ఒక చిన్న గుంబజ్. 1970ల తొలినాళ్ళలో జనం పెరిగి కొత్త కేంద్రానికి తరలిపోయారు. పాత కట్టడం చేతులు మారింది, పాడుబడింది. 1990లో స్థానిక ముస్లిములు దానిని తిరిగి కొని బాగుచేసుకున్నారు. మస్జిదుగానే కట్టి, నేటికీ నిలిచి ఉన్నవాటిలో అమెరికాలో అన్నిటికంటె పాతదిగా దానిని పరిగణిస్తారు. మదర్ మాస్క్ అని పేరు. జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోనూ చేరింది. 1948లో వారు ఖబ్రస్తాన్ కూడా ఏర్పాటు చేసుకున్నారు. ఖబ్రస్తాన్ కట్టుకున్నారంటే అక్కడే ఉండిపోదామని నిశ్చయించుకున్నారన్నమాట. పని ఉన్నచోటికి వెళ్ళి, ప్రార్థన చేసుకునే చోటును తామే నిర్మించుకున్నారు.

అయినా ఇబ్బందులు దాచలేదు. హలాల్ మాంసం డాలస్‌లో దొరికినట్లు వీధివీధినా దొరకదు. చేప, గుడ్డు, పప్పు మీద సాగించవలసిన వారాలు ఉంటాయి. ఏమ్స్‌లో సిటీ బస్సులు ఉన్నాయి కాని, ఒక ఊరి నుంచి మరొక ఊరికి కారు లేనిదే కదలలేరు. తెలుగు మాట వినపడే ఇళ్ళు తక్కువ. మా దృష్టిలో ఇందులో కొంత మేలు కూడా ఉంది. గదిలో నలుగురు తెలుగు పిల్లలు ఉన్నచోట ఇంగ్లీషు మూడేళ్ళకు కూడా రాదు. అయితే ఒంటరితనం అందరికీ సరిపడదు. పిల్లల స్వభావం తల్లిదండ్రులకే తెలియాలి. మామూలు కంప్యూటర్ కోర్సు చదివే పిల్లవాడైతే మేము ఇంత ధైర్యంగా అయోవాను సూచించేవారము కాదు.

డబ్బు విషయానికి వస్తే, మాస్టారు ఒక ఉపాయం ఆలోచించారు. చేరికను జనవరికి వాయిదా వేస్తే కొంత కూడబెట్టుకోవచ్చునని. మేము వద్దన్నాము. చదువు మధ్యలో బయటి కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేయడానికి సాధారణంగా ముందుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం గడవాలి. ఆగస్టులో చేరినవారికి వచ్చే వేసవికి ఆ అర్హత వస్తుంది. జనవరిలో చేరినవారికి ఆ వేసవి వృథా. ఆగస్టులో చేరినవారికి ఎం.ఎస్. రెండేళ్ళలో ఉండేది ఒకే ఒక్క వేసవి. ఆ ఇంటర్న్‌షిపే చాలామందికి తరువాతి ఉద్యోగం. వడ్డీ లేకుండా నెగ్గుకురావడానికి మార్గం వేరొకటి ఉంది, సహాయక ఉద్యోగం. ఆచార్యుల పరిశోధనలో వారానికి ఇరవై గంటలు పనిచేస్తే నెలనెలా జీతం, ఫీజులో రాయితీ. ఇది వీధి చివర వరకు కళాశాలలు ఉన్న నగరంలో కంటె, పొలాలూ ప్రయోగశాలలూ ఉన్న విశ్వవిద్యాలయంలో దొరకడం సులభం. అమ్మాయి బాపట్లలో బిందుసేద్యం మీద ప్రాజెక్టు చేసింది. ఆ విషయం మీదే పనిచేస్తున్న ముగ్గురు ఆచార్యులకు, వారి వ్యాసాలు చదివి, విడివిడిగా ఉత్తరాలు వ్రాయమన్నాము. ఒకే ఉత్తరం పేర్లు మార్చి పంపవద్దని మరీ మరీ చెప్పాము.

ఇద్దరు జవాబు ఇవ్వలేదు. మూడవవారు మే చివరన ఇంటర్నెట్‌లో ముఖాముఖి మాట్లాడి, ఆగస్టు నుంచే ఇరవై గంటల పని ఇచ్చారు. స్థలంలో సగం మాత్రమే అమ్మి, మొదటి ఆరు నెలల ఖర్చు సమకూర్చుకున్నామని మాస్టారు ఫోనులో చెప్పారు. దాదీ ఆ అమ్మాయి కోసం రెండు స్వెట్టర్లు అల్లిందట. అక్కడి జనవరి చలికి అవి చాలవని, మందపాటి కోటు ఏమ్స్‌లోనే పాత దుస్తుల దుకాణంలో చవకగా కొనుక్కోమని చెప్పాము. స్వెట్టర్లు మాత్రం పెట్టెలో పెట్టుకోమన్నాము.