ఈళం పటంలో లేని తేయాకు కొండలు

శ్రీలంక యుద్ధమంటే మనకు జాఫ్నా గుర్తొస్తుంది. తేయాకు తోటల తమిళులు గుర్తురారు.

బ్రిటిష్ పాలకులు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తరలించిన ఈ కూలీల్లో ఎక్కువమంది పళ్లర్, పరయర్, చక్కిలియర్ కులాల దళితులే. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే సిలోన్ చట్టం వారిని పౌరసత్వానికి దూరం చేసింది. మరుసటి ఏడాది ఓటూ పోయింది. 1964లో సిరిమావో, శాస్త్రి వారిని పంచుకున్నారు: 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది సిలోన్‌కు. వారిని అడిగినవారు లేరు.

1976లో వట్టుకోట్టై తీర్మానం ఉత్తర, తూర్పు ప్రాంతాలతో ప్రత్యేక ఈళం కోరింది. తోటలున్న మధ్య కొండలు అందులో లేవు. 1983 అల్లర్ల మంటలు మాత్రం వారినీ వదల్లేదు. మిగిలినవారికి పౌరసత్వం దక్కింది 2003 చట్టంతోనే.

అందుకే ఏ ప్రత్యేక దేశ ఉద్యమాన్నైనా మనం ముందు అడగాల్సింది: ఆ పటంలో మన కూలి జనానికి చోటెక్కడ?