నాన్నకు పార్కిన్సన్స్... నాకూ వస్తుందా?

ఇంట్లో పెద్దాయనకు పార్కిన్సన్స్ అని తేలిన రోజున రెండు ప్రశ్నలు పుడతాయి. మొదటిది అందరూ పైకే అడుగుతారు: ‘నయమవుతుందా డాక్టర్?’ రెండోది మాత్రం పెద్దాయనను బయట బల్ల మీద కూర్చోబెట్టి వచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు: ‘ఇది మాకూ వస్తుందా? మా పిల్లలకు వస్తుందా?’ ప్రభుత్వాసుపత్రి ఓపీలో నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. కొడుకులు అడుగుతారు, కూతుళ్లు అడుగుతారు. ఒక్కోసారి పెళ్లి సంబంధం మాట్లాడుకుంటున్నవారూ అడుగుతారు.

సూటిగా చెప్పాలంటే, చాలా కుటుంబాల్లో మరొకరికి రాదు. కొన్ని కుటుంబాల్లో ముప్పు కాస్త ఎక్కువ. అతి కొద్ది కుటుంబాల్లోనే జన్యువులది ప్రధాన పాత్ర. మీ కుటుంబం వీటిలో ఏ కోవలోకి వస్తుందో తెలుసుకుంటే సగం భయం పోతుంది.

మెదడులో ఏం జరుగుతుంది?

మధ్య మెదడులో నల్లటి చారలా కనిపించే చిన్న భాగం ఉంటుంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. మన కదలికలు సాఫీగా సాగడానికి ఇది అవసరం. ఈ కణాలు ఏళ్ల తరబడి మెల్లగా నశిస్తూ వస్తాయి. దాదాపు సగం పోయాక గానీ జబ్బు బయటపడదు. ఒక చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణకడం, నడకలో ఆ చెయ్యి ఊగకపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడానికీ అన్నం కలుపుకోవడానికీ ఎక్కువ సమయం పట్టడం, రాత చిన్నదైపోవడం మొదట కనిపిస్తాయి. వాసన తెలియకపోవడం, మొండి మలబద్ధకం, నిద్రలో కేకలు వేస్తూ కాళ్లూ చేతులూ విసరడం లాంటివి కొందరిలో అంతకు చాలా ఏళ్ల ముందే మొదలవుతాయి.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే ఈ జబ్బును వివరంగా వర్ణించారు. కానీ దీనికీ వంశానికీ సంబంధం లేదనే వైద్యులు చాలాకాలం అనుకున్నారు. ఆ నమ్మకాన్ని 1997లో ఒక ఇటలీ కుటుంబం మార్చేసింది.

ఇటలీ కుటుంబం ఇచ్చిన ఆధారం

దక్షిణ ఇటలీలోని కాంటూర్సి అనే ఊరికి చెందిన ఆ పెద్ద కుటుంబంలో తరతరాలుగా పార్కిన్సన్స్ వస్తోంది. పరిశోధకులు వారి జన్యువులను జల్లెడ పట్టి, ఎస్‌ఎన్‌సీఏ అనే జన్యువులో ఒకే ఒక్క ‘అక్షరం’ మారిందని గుర్తించారు. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ తయారీకి సూచనలిచ్చే జన్యువది. అదే ఏడాది మరో సంగతి తేలింది. మామూలు పార్కిన్సన్స్ రోగుల మెదడు కణాల్లో కనిపించే ముద్దల్లోనూ ఇదే ప్రొటీన్ పేరుకుని ఉంది. అంటే అరుదైన ఆ కుటుంబంలో దొరికిన ఆధారం మిగతా రోగులందరికీ పనికొచ్చింది.

2003లో అమెరికాలోని ఒక కుటుంబంలో ఈ జన్యువులో అక్షరం తప్పేమీ కనిపించలేదు. జన్యువు ప్రతులే ఎక్కువ ఉన్నాయి. ప్రతులు పెరిగితే ప్రొటీన్ పెరుగుతుంది, జబ్బు చిన్న వయసులోనే తీవ్రంగా వస్తుంది. మందు మోతాదు ఎక్కువైతే జరిగేదే ఇక్కడా జరిగింది. అయితే ఇలాంటి కుటుంబాలు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ.

మార్పు ఉన్నా జబ్బు రాకపోవచ్చు

2004లో ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే మరో జన్యువు బయటపడింది. ఇందులోని ఒక మార్పు అష్కెనాజీ యూదుల్లో, ఉత్తర ఆఫ్రికా ప్రజల్లో ఎక్కువ. గూగుల్ సహవ్యవస్థాపకుడు సెర్గీ బ్రిన్ 2008లో తన తల్లికి పార్కిన్సన్స్ ఉందని, ఆమెలోనూ తనలోనూ ఈ మార్పు ఉందని స్వయంగా వెల్లడించారు. ఈ మార్పు ఉన్నవారిలో 80 ఏళ్లు వచ్చేసరికి ఎంతమందికి జబ్బు వస్తుందన్న దానిపై అంచనాలు నూటికి 25 నుంచి 75 వరకు ఉన్నాయి. అంటే మార్పు ఉండి కూడా జీవితాంతం జబ్బు రానివారు ఎందరో ఉంటారు.

మన దేశంలో జరిగిన అధ్యయనాల్లో ఈ మార్పు చాలా అరుదుగానే కనిపించింది. ఇది మీరు గుర్తుంచుకోవాల్సిన విషయం. విదేశాల్లో ఉన్న పిల్లలు ఉమ్ముతో చేసే కిట్లు కొని పరీక్ష చేసుకుని, ‘మనకేం లేదట నాన్నా’ అని ఫోన్ చేస్తుంటారు. ఆ కిట్లు చూసేది ఇలాంటి ఒకటి రెండు జన్యువుల్లోని కొద్ది మార్పులనే. అవి లేవన్న రిపోర్టు తెలుగువారికి పెద్ద భరోసా కాదు.

మూడోది జీబీఏ1. ఇది కణంలో చెత్తను శుద్ధి చేసే ఎంజైము తాలూకు జన్యువు. దీని ప్రతులు రెండూ దెబ్బతింటే పిల్లల్లో కాలేయం, ప్లీహం ఉబ్బే గోషే వ్యాధి వస్తుంది. ఒక్క ప్రతే దెబ్బతింటే ఆ వ్యాధి రాదు గానీ పార్కిన్సన్స్ ముప్పు పెరుగుతుంది. 2009లో పలు దేశాల వారు కలిసి చేసిన అధ్యయనంలో, ఈ మార్పులు మామూలు వారికంటే పార్కిన్సన్స్ రోగుల్లో అయిదు రెట్లకు పైగా ఎక్కువగా కనిపించాయి. అయినా ఒక్క ప్రతి మారినవారిలో ఎక్కువమందికి పార్కిన్సన్స్ రాదు.

ఇవికాక చిన్నచిన్న మార్పులూ ఉన్నాయి. ఐరోపా సంతతి వారిపై 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఇలాంటివి 90 గుర్తించింది. ఒక్కోటీ ముప్పును కొద్దిగా మాత్రమే పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. వీటిని చూసి ఫలానా వ్యక్తికి జబ్బు వస్తుందని ఎవరూ చెప్పలేరు.

మీ లెక్క ఎలా వేసుకోవాలి?

జీవితకాలంలో పార్కిన్సన్స్ వచ్చే అవకాశం ఎవరికైనా నూటికి ఒకటి రెండు. తల్లికో తండ్రికో, తోబుట్టువుకో ఉంటే అది రెండు మూడు రెట్లవుతుంది. ‘మూడు రెట్లు’ అనగానే గుండె జారుతుంది. కానీ రెట్లు పక్కనపెట్టి మనుషుల లెక్క చూడండి. అలాంటి నూరు మందిలో మహా అయితే అయిదారుగురికి వస్తుంది, తొంభై మందికి పైగా రాదు.

జబ్బు ఏ వయసులో మొదలైందన్నది ఇంకా ముఖ్యం. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన అమెరికా సైనికుల్లోని కవలలపై జరిగిన అధ్యయనం 1999లో వెలువడింది. 50 ఏళ్లు దాటాక జబ్బు వచ్చినవారిలో, ఒకే పోలిక గల కవలలకూ మామూలు కవలలకూ తేడా పెద్దగా కనిపించలేదు. 50 లోపే వచ్చినవారిలో మాత్రం జన్యువుల ప్రభావం బలంగా కనిపించింది. కాబట్టి మీ నాన్నగారికి 70వ ఏట వణుకు మొదలైతే మీరు కంగారు పడాల్సింది తక్కువ. అన్నయ్యకు 30 ఏళ్లకే మొదలైతే వివరంగా చూడాల్సిందే.

మేనరికం సంగతి

చిన్న వయసులో వచ్చే పార్కిన్సన్స్‌లో కొన్ని రకాలు, రెండు ప్రతులూ దెబ్బతింటేనే వస్తాయి. జపాన్‌లో 1998లో గుర్తించిన పార్కిన్ జన్యువు, ఆ తర్వాత బయటపడిన పింక్1, డీజే1 ఇలాంటివే. తల్లిదండ్రులిద్దరిలోనూ చెరో చెడిన ప్రతి ఉంటుంది, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చెడినవే చేరే అవకాశం నాలుగింట ఒకటి.

మన ప్రాంతంలో మేనరికాలు మామూలే. బావామరదళ్ల మధ్య జన్యువుల్లో ఎనిమిదో వంతు, మేనమామ మేనకోడళ్ల మధ్య నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి. అందుకే ఒకే చెడిన ప్రతి ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇందులో ఎవరినీ నిందించాల్సింది లేదు. పైగా ఊరటనిచ్చే మాటా ఉంది. ఈ రకం సాధారణంగా నెమ్మదిగా ముదురుతుంది, తక్కువ మోతాదు మందులకే బాగా లొంగుతుంది. రోగి బయటి సంబంధం చేసుకుంటే పిల్లలకు ఒక్క చెడిన ప్రతే అందుతుంది. వారికి ఈ రకం జబ్బు రావడం చాలా అరుదు. ‘ఆ ఇంట్లో సంబంధం వద్దు’ అనేవారికి ఈ సంగతి చెప్పండి.

జన్యువు అనుకునే ముందు...

నలభై లోపు వారికి వణుకు వస్తే మొదట విల్సన్స్ వ్యాధి ఉందేమో చూడాలి. ఒంట్లో రాగి పేరుకుపోయే ఈ జబ్బూ జన్యుపరమైనదే, మేనరికం పిల్లల్లో ఎక్కువ. కానీ దీనికి మందులున్నాయి, ముందే పట్టుకుంటే మనిషి కోలుకుంటాడు. రక్తంలో సెరులోప్లాస్మిన్ పరీక్ష, కంటి వైద్యుడు స్లిట్ ల్యాంప్‌తో చేసే పరీక్ష దీనికి ముఖ్యమైన ఆధారాలు.

అలాగే గ్యాస్‌కు వాడే కొన్ని మాత్రల్లోని లెవోసల్ఫిరైడ్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు వాడే సిన్నరిజిన్ ఎక్కువ కాలం వాడితే పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెచ్చిపెట్టగలవు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఇంట్లోని మాత్రలన్నీ సంచిలో వేసుకుని తీసుకురండి.

పరీక్ష ఎవరికి అవసరం?

జబ్బు 50 ఏళ్లలోపు, ముఖ్యంగా 40 లోపు మొదలైనవారు, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇద్దరు ముగ్గురికి ఉన్నవారు, మేనరికపు ఇంట్లో చిన్న వయసులో జబ్బుపడ్డవారు జన్యు పరీక్ష గురించి న్యూరాలజిస్టుతో మాట్లాడాలి. పరీక్ష మొదట రోగికి చేయాలి. ఆరోగ్యంగా ఉన్న కొడుకు నేరుగా ల్యాబ్‌కు వెళ్లి వేలు ఖర్చుపెడితే, ‘ఒక మార్పు ఉంది, దాని అర్థం తేలలేదు’ అన్న రిపోర్టు రావచ్చు. దానితో నిద్ర పోతుంది తప్ప ఉపయోగం ఉండదు. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లలకు ఈ పరీక్ష వద్దు. పరీక్షకు ముందూ తర్వాతా జన్యు సలహా తప్పనిసరి. హైదరాబాద్ నిమ్స్‌లో దీనికి వైద్య జన్యు విభాగం ఉంది.

మార్పు ఉందని తేలినా, జబ్బు రాకుండా ఆపే మందు ఇప్పటికింకా లేదు. ఎల్‌ఆర్‌ఆర్‌కే2, జీబీఏ1 లక్ష్యంగా మందుల ప్రయోగాలు సాగుతున్నాయి.

మీ చేతిలో ఉన్నవి

- రోజూ చెమట పట్టేలా వ్యాయామం చేయండి. వ్యాయామం చేసేవారిలో ముప్పు తక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. జబ్బు వచ్చినవారికీ ఇది మేలు చేస్తుంది.
- పొలం ఉంటే మందుల పిచికారీలో జాగ్రత్త. పారాక్వాట్ కలుపుమందుకూ పార్కిన్సన్స్ ముప్పుకూ సంబంధాన్ని పలు అధ్యయనాలు గుర్తించాయి. ఐరోపా యూనియన్‌లో దీని వాడకం 2007 నుంచి లేదు. చేతి తొడుగులు, మాస్కు వాడండి, ఆ బట్టలు విడిగా ఉతకండి.
- బండి మీద హెల్మెట్ తప్పనిసరి. తలకు బలమైన దెబ్బలు ముప్పును పెంచుతాయి.
- దూలగొండి గింజల పొడిని సొంతంగా వాడకండి. అందులో లెవోడోపా ఉంటుంది. డాక్టర్ ఇచ్చిన మందుకు అది తోడైతే మోతాదు అదుపు తప్పుతుంది.

ఈసారి ఆసుపత్రికి వచ్చే ముందు ఒక తెల్ల కాగితం మీద మూడు తరాల వంశవృక్షం గీయండి. తాతయ్యలు, అమ్మమ్మ, నానమ్మ, మేనమామలు, మేనత్తలు, పెదనాన్నలు, చిన్నాన్నలు, పిన్నమ్మలు... ఎవరికి వణుకు ఉండేది, ఏ వయసులో మొదలైంది, ఎవరిది మేనరికం అన్నవి రాయండి. ఇంట్లో పెద్దవాళ్లనే అడగండి, వాళ్లకే తెలుస్తుంది. చాలామంది విషయంలో ఖరీదైన పరీక్ష కంటే ముందు ఈ కాగితమే మాకు దారి చూపుతుంది. పెళ్లికి అడ్డమవుతుందని అందులో ఏదీ దాచకండి. చిన్న వయసులో మొదలైన వణుకును దాచితే, ఆ ఇంట్లో మందు దొరికే విల్సన్స్ లాంటి జబ్బును కూడా చేజేతులా వదులుకున్నట్లే.