ఉప్పునీటి తొట్టికీ జీవామృతం సూత్రమే!

ఈసారి వీడియోలో పొలం కాదు, మా ఇంట్లో ఉన్న గాజు తొట్టి చూపించాను. "చేపల తొట్టికీ ప్రకృతి వ్యవసాయానికీ సంబంధం ఏంటండీ?" అంటారేమో. జీవామృతం నేలలో చేసే పని నాకు కళ్ళకు కట్టినట్టు చూపించింది ఈ తొట్టే.

మాది విశాఖ. బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని చూసొచ్చిన దగ్గర్నుంచీ మా అమ్మాయి సముద్రపు చేపలు కావాలని ఒకటే గొడవ. 100 లీటర్ల తొట్టి కొన్నాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి కదా అని రెండో రోజే జత క్లౌన్ చేపలు వేశాం. ఐదో రోజు ఒకటి, ఆరో రోజు ఇంకోటి పోయాయి. పిల్ల ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తప్పు నాదే. మందులతో చచ్చిన నేలలో మొదటి ఏడాదే పూర్తి దిగుబడి కావాలనే వాళ్ళకి ఓపిక పట్టమని చెప్పే నేను, నా తొట్టి దగ్గర మాత్రం ఓపిక పట్టలేదు.

తొట్టిలో జరిగేది ఏంటి?

చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్ళితే అమ్మోనియా వస్తుంది. అది చేపకు విషం. నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ ప్రమాదమే. నైట్రోస్పైరా, నైట్రోబాక్టర్ లాంటివి దాన్ని నైట్రేట్ చేస్తాయి. మన నేలలోనూ ఇదే వరస.

ఈ సూక్ష్మజీవులకి ఇల్లు లైవ్ రాక్, అంటే జీవమున్న బోలు రాయి. రాయి లోపలి పొరల్లో గాలి అందని చోట ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌ని నత్రజని వాయువుగా మార్చి బయటికి పంపేస్తుంది. నీళ్ళు నిలిచిన వరి మడిలో నత్రజని ఇలాగే గాల్లో కలిసిపోతుంది. అక్కడ మనకి నష్టం, ఇక్కడ లాభం!

200 లీటర్ల జీవామృతంలో గుప్పెడు గట్టు మట్టి ఎందుకు వేస్తాం? అది విత్తనం. తొట్టిలో లైవ్ రాక్ ముక్క కూడా అంతే.

రెండోసారి నేను చేసింది

నీళ్ళు: ఆర్వో నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్. సాంద్రత 1.025 వచ్చేలా చూసుకున్నా. వంట ఉప్పు పనికిరాదు, అందులో కాల్షియం, మెగ్నీషియం చాలవు. ఇంటి పక్కనే సముద్రం ఉన్నా ఒడ్డు నీళ్ళు తేలేదు. నగరం మురుగు, హార్బరు నూనె కలిసే చోటు అది.

రాయి: 10 కిలోల పొడి రాయి, పాత తొట్టి నడుపుతున్న మిత్రుడి దగ్గర కిలో లైవ్ రాక్. సముద్రం నుంచి పగడపు రాయి తేవద్దు. పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1 లో ఉన్నాయి. తేవడం నేరం.

మేత: చేపలు లేకుండా ఒక పచ్చిరొయ్య ముక్క వేసి కుళ్ళనిచ్చా. లైటు ఆపేశా. పంపు మాత్రం ఆపలేదు, ఈ బ్యాక్టీరియాకి ప్రాణవాయువు కావాలి.

నా నోటుబుక్కు లెక్క: 9వ రోజుకి అమ్మోనియా 2 పీపీఎం. 16వ రోజు అది తగ్గుతుంటే నైట్రైట్ పైకి లేచింది. మూడో వారంలో గాజంతా గోధుమరంగు నాచు. కంగారుపడి కడిగేయలేదు. 25వ రోజు అమ్మోనియా సున్నా, 34వ రోజు నైట్రైట్ సున్నా. మళ్ళీ కొంచెం అమ్మోనియా వేసి చూస్తే 24 గంటల్లో రెండూ సున్నా! అప్పుడు సగం నీళ్ళు మార్చి ఒక్క చేప వేశాం. రెండు వారాలాగి రెండోది.

రెండు జాగ్రత్తలు

బోర్డో మిశ్రమం కలిపిన చేతులు తొట్టిలో పెట్టకండి. అందులోని రాగి రొయ్యల్నీ, పీతల్నీ, పగడాల్నీ చంపేస్తుంది. రెండోది కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి చీకట్లో ఉన్నాం కదా, అందుకే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకున్నా.

నేలైనా నీరైనా, ముందు కంటికి కనపడని వాళ్ళని బతకనివ్వాలి. తర్వాతే మనకి కావలసినవి. మా అమ్మాయి ఇప్పుడు రోజూ పొద్దున్నే చేపలకంటే ముందు పరీక్ష గొట్టం రంగు చూస్తోంది. ఆ రంగులు ఎలా చదవాలో వీడియో చివర్లో తనే చెప్పింది, చూడండి.