సత్తెనపల్లి డాబా మీద డిష్

సత్తెనపల్లిలో పత్తి బేళ్లు ఎత్తిన లారీ మిల్లు గేటు దాటాలంటే ఇ-వే బిల్లు ఉండాలి. యాభై వేల రూపాయలు దాటిన సరుకు రాష్ట్రాల సరిహద్దు దాటాలంటే 2018 ఏప్రిల్ నుంచి ఇదే నియమం. ఆ బిల్లు ఇంటర్నెట్‌లో పుడుతుంది. ఎక్కడో జేసీబీ తవ్వకంలో ఫైబర్ తెగిందంటే లారీ గేటు దగ్గరే నిలబడిపోతుంది. అలాంటి పూట ఆదుకునే యంత్రం వీశాట్. బ్యాంకుల మీద, పెట్రోలు బంకుల మీద కనబడే తెల్ల డిష్ అదే.

దాని పూర్వీకుణ్ని మన పల్లెలు యాభై ఏళ్ల కిందటే చూశాయి. భూమధ్యరేఖకు దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుందనీ, కింద ఉన్నవాళ్లకు కదలనట్టే ఉంటుందనీ, అక్కడి నుంచి ప్రసారాలు చేయొచ్చనీ 1945లో రచయిత ఆర్థర్ సి. క్లార్క్ రాశాడు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఇస్రో 'సైట్' ప్రయోగం నడిపింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ వచ్చింది, తెలుగులో కూడా. అక్కడ నిలబెట్టిన మూడు మీటర్ల డిష్‌ను కోళ్లగూడుకు కొట్టే ఇనుప వలతో చేశారు. కొలంబోలో క్లార్క్ ఇంటి దగ్గర కూడా మనవాళ్లు ఒక డిష్ పెట్టారు.

చిల్లుల వలతో సంకేతం ఎలా దొరికింది? అప్పటి ప్రసారం 860 మెగాహెర్ట్జ్‌లో సాగింది. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. వేలు పట్టేంత చిల్లు దానికి చిల్లే కాదు, గోడ కిందే లెక్క. తర్వాత వచ్చిన కేయూ బ్యాండ్‌లో తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లే. అంత పొట్టి తరంగానికి నున్నటి, గట్టి పళ్లెం కావాలి. అయితే డిష్ చిన్నదైనా సరిపోతుంది. అలా అది డాబా ఎక్కింది. వినడంతో ఆగకుండా బదులు చెప్పడమూ నేర్చింది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ విభాగం ఎన్‌ఐసీ వీశాట్‌లతో జిల్లా కేంద్రాలను కలిపింది. 1994లో మొదలైన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి వాటితోనే దేశమంతా వ్యాపారం నడిపింది.

పొట్టి తరంగానికి శత్రువు వాన. చినుకులు దాన్ని మింగేస్తాయి. ఇక్కడ మన ఊరికి ఒక అదృష్టం ఉంది. 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న ఇస్రో ఉపగ్రహం జీశాట్-11ను సత్తెనపల్లి నుంచి చూడాలంటే డిష్ దాదాపు 70 డిగ్రీలు పైకెత్తాలి. చూపు అంత నిటారుగా ఉంటే తరంగం వానలో నడిచే దూరం తగ్గుతుంది, పక్కింటివాళ్లు మరో అంతస్తు వేసినా అడ్డు రాదు. అయినా కుంభవృష్టిలో కాసేపు లైను పోవడం తప్పదు.

2018లో ఎగిరిన జీశాట్-11 పాత ఉపగ్రహాల్లా దేశమంతటి మీదా ఒకే దీపం వేయదు. చిన్న చిన్న కిరణాలతో ప్రాంతాలు పంచుకుంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీని దూరదూరపు కిరణాల్లో మళ్లీ వాడుతుంది కాబట్టి సామర్థ్యం సెకనుకు 16 గిగాబిట్లకు చేరింది. వేగం పెరిగింది, దూరం మాత్రం మారలేదు. మనం అడిగింది పైకెళ్లి కిందికి రావాలి, జవాబూ అలాగే రావాలి. కాంతివేగంతో పోయినా అర సెకను. బిల్లు పేజీ తెరవడానికి ఇలాంటి రాకపోకలు మూడు నాలుగు కావాలి. ఎంత పెద్ద ప్లాన్ కొన్నా ఆ రెండు సెకన్లు తగ్గవు.

దూరం తగ్గించే పని మన శ్రీహరికోటలోనూ జరిగింది. 2022 అక్టోబరు, 2023 మార్చిలో ఎల్‌వీఎం3 రాకెట్లు 72 వన్‌వెబ్ ఇంటర్నెట్ ఉపగ్రహాలను పైకి చేర్చాయి. అవి తిరిగేది 1,200 కిలోమీటర్ల ఎత్తులో. స్టార్‌లింక్‌వి ఇంకా కిందికి, దాదాపు 550 కిలోమీటర్లకు వచ్చాయి. ఇక్కడ సెకనులో పదోవంతు లోపే జవాబొస్తుంది. కానీ ఇవి ఆకాశంలో నిలవవు, పరుగెడతాయి. వాటి వెంట తిరగడానికి పాత పళ్లెం చాలదు. కొత్త పలకలో వందలాది బుల్లి యాంటెనాలు తరంగాలను కాస్త ముందూ వెనకా విడిచి, పలక కదలకుండానే చూపు తిప్పుతాయి. యాభై ఏళ్లలో ఈ యంత్రానికి ఇంత అందమైన మార్పు మరొకటి రాలేదని నా అభిప్రాయం.

అందుకే పాతది తీసి కొత్తది పెట్టించే వ్యాపారికి ఒక మాట. పాత డిష్ ఒక్క దిక్కే చూసేది, వాటర్ ట్యాంకు పక్కన కూడా సరిపోయేది. పలకకు విశాలమైన ఆకాశం కావాలి, ముందు డాబా చూసుకోండి. అమ్మేవాళ్లను ఎన్ని ఎంబీపీఎస్ అని అడగడంతో ఆగకండి. ఉపగ్రహం ఎంత ఎత్తున ఉంది, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తుంది, జోరువానలో ఏమవుతుంది అనీ అడగండి. ఫైబర్ ఉన్నచోట దాన్ని తీసేయకండి, రోజువారీ పనికి అదే చవక. ఫైబర్ తెగిన పూట సీసీ కెమెరాలూ ఫోన్ల అప్‌డేట్లూ ఆపి, ఆ ఉపగ్రహ లైనును బిల్లులకే వదలండి. డిష్‌కీ రౌటర్‌కీ ఇన్వర్టర్ కలపడం మరవకండి.