మీకు తెలుసా? గాజు పోగుకు డీఎన్‌ఏ దొరికిపోతుంది!

ఇంటికి ఇంటర్నెట్ మోసుకొచ్చే ఆప్టికల్ ఫైబర్, రోగక్రిమి డీఎన్‌ఏను కూడా పసిగట్టగలదు. అదీ రంగు అద్దకుండానే!

ఫైబర్‌లోని గాజు మందం 125 మైక్రోమీటర్లు. వెలుగు నడిచే కోర్ అందులో 8, 9 మైక్రోమీటర్లే. కోర్ అంచుకు తగిలిన వెలుగు పూర్తిగా వెనక్కి మళ్లుతుందని బడిలో చదువుకున్నాం. నిజానికి అది అంచు దాటి కాస్త అవతలికి తొంగిచూస్తుంది. ఆ దూరం కొన్ని వందల నానోమీటర్లు. కబుర్లు మోసే ఫైబర్‌లో ఈ వెలుగు బయటివాటిని తాకకుండా చుట్టూ క్లాడింగ్ అనే మరో గాజు పొర ఉంటుంది. సెన్సర్ తయారుచేసేవాళ్లు పనిగట్టుకుని ఆ పొరనే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. లేదంటే పోగును వేడిచేసి, సన్నగా సాగదీస్తారు.

అలా బయటపడ్డ గాజు మీద ఒంటిపేట డీఎన్‌ఏ ముక్కలు అతికిస్తారు. వెతుకుతున్న జన్యువుకు అవి సరిజోడు: డీఎన్‌ఏ అక్షరాల్లో ‘ఏ’ ఎదుట ‘టీ’, ‘జీ’ ఎదుట ‘సీ’. నమూనాలో ఆ జన్యువు ఉంటే వచ్చి జతకడుతుంది. డీఎన్‌ఏ పేటలు రెండూ రుణావేశం ఉన్నవే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ద్రావణంలో ఉప్పు కలిపితే ఆ పోరు తగ్గుతుంది. జత కుదరగానే గాజును ఆనుకుని ఉన్న చోట వక్రీభవన గుణకం పిసరంత పెరుగుతుంది. ఫైబర్‌లో గ్రేటింగ్ (ఒక తరంగదైర్ఘ్యపు వెలుగును మాత్రమే తిప్పికొట్టేలా గాజులో ఏర్పరచిన వరుస గీతలు) ఉంటే, అది తిప్పికొట్టే వెలుగు తరంగదైర్ఘ్యం ఆ మేరకు జరుగుతుంది. ఈ గ్రేటింగ్‌ను 1978లో కెనడాలో కెన్ హిల్ బృందం కనిపెట్టింది.

కోవిడ్ రోజుల ఆర్‌టీ-పీసీఆర్‌లో జన్యువును కోట్ల ప్రతులు చేసి, ఫ్లోరసెంట్ రంగు మెరుపును లెక్కగట్టేవారు. ఇక్కడ రంగు ఖర్చు లేదు. కానీ చిక్కంతా అక్కడే ఉంది! రంగు లేని పరికరానికి గాజును అంటుకున్నది డీఎన్‌ఏనో, రక్తంలోని ప్రోటీనో తేడా తెలియదు. జంటపేట వెడల్పు 2 నానోమీటర్లే కనుక వచ్చే సంకేతమూ అంతంతమాత్రం. పైగా 1550 నానోమీటర్ల దగ్గర పనిచేసే గ్రేటింగ్, ఒక్క డిగ్రీ వేడి పెరిగితే సుమారు 0.01 నానోమీటరు తనంతట తానే జరుగుతుంది. అందుకే డీఎన్‌ఏ అతికించని మరో గ్రేటింగ్‌ను పక్కన పెట్టి, రెంటికీ తేడా తీస్తారు.

పరీక్ష అయ్యాక వేడితోనో, యూరియా ద్రావణంతోనో జంటను విడదీసి కడిగేస్తే, అదే పోగు ఇంకో నమూనాకు పనికొస్తుంది.