ఎక్కడి యుద్ధం, ఎవరికి భారం?



2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్‌పై దండెత్తింది. అప్పట్లో మనకు పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా వచ్చేది ఆ దేశం నుండే. అప్పటికే పెరుగుతున్న ధరలు ఇంకా మండిపోయాయి. ముడిచమురు పీపా ధర 120 డాలర్లు దాటింది.

ధరలను అణచడానికి అమెరికా కేంద్ర బ్యాంకు సున్నా దగ్గరున్న వడ్డీని 2023 జూలై నాటికి 5.25–5.50 శాతానికి పెంచింది. లాభం చూచుకొని మదుపుదారులు మనవంటి దేశాల నుండి సొమ్ము తరలించారు. డాలరు విలువ 80 రూపాయలు దాటింది. మన రిజర్వు బ్యాంకు కూడా తాను బ్యాంకులకిచ్చే అప్పుపై వడ్డీని 4 నుండి 6.5 శాతానికి పెంచింది. ఇల్లు కట్టుకున్నవారి అప్పు భారం పెరిగింది.

యుద్ధాన్ని మనం ఆపలేము. కాని ఆడంబరపు పెళ్లికి అప్పు చేయకుండా ఉండగలము. కుటుంబ ప్రార్థనలో సామెతలు 22:7 చదువుకుందాము. బిడ్డలను పోగొట్టుకున్న ఉభయ దేశాల తల్లుల కొరకు మోకరించుదాము.