తెలిసి తీసుకునే ప్లాసిబో: తక్షణ నొప్పి ఉపశమనంలో వివరణ పాత్ర

ప్లాసిబో అంటే ఔషధ పదార్థం లేని మాత్ర, సూదిమందు లేదా లేపనం. దానిని అసలు మందేనని రోగి నమ్మితేనే ఫలితం ఉంటుందని వైద్యరంగం చాలాకాలం భావించింది. ఈ భావన ఒక నైతిక సమస్యకు దారితీసింది: నిజం చెబితే ఉపశమనం పోతుంది, అబద్ధం చెబితే రోగి సమ్మతికి అర్థం ఉండదు. విషయాన్ని ముందే వెల్లడించి ఇచ్చే బహిరంగ ప్లాసిబోపై జరిగిన పరిశోధనలు ఈ సమస్యను పునఃపరిశీలనకు తెచ్చాయి.

ప్లాసిబో ఉపశమనానికి శారీరక ఆధారం ఉందని 1978లో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ ప్రచురించిన అధ్యయనం సూచించింది. పన్ను తీయించుకున్న రోగులలో ప్లాసిబోతో ఉపశమనం పొందినవారికి నాలొక్సోన్ ఇచ్చినప్పుడు నొప్పి పెరిగింది. నాలొక్సోన్ ఓపియాయిడ్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. కనుక శరీరం స్వయంగా విడుదల చేసే ఎండార్ఫిన్లే ఆ ఉపశమనానికి కారణమని వారు ప్రతిపాదించారు. అయితే ఆ స్పందనకు మోసం తప్పనిసరా అన్న ప్రశ్న మిగిలింది.

2017లో బాసెల్ పరిశోధకులు 160 మంది ఆరోగ్యవంతులపై ఉష్ణవేదనతో దీనిని పరీక్షించారు. లేపనం ప్లాసిబో అని చెప్పి, అది ఎలా పనిచేయగలదో కూడా వివరించినప్పుడు, పాల్గొన్నవారు తెలిపిన నొప్పి తీవ్రత మోసపూరిత ప్లాసిబో పొందినవారితో పోల్చదగినదిగా ఉంది. వివరణ లేకుండా ఇచ్చినప్పుడు ఆ మేలు కనిపించలేదు. అయితే వేడిని తట్టుకునే పరిమితిలో మాత్రం బృందాల మధ్య భేదం తేలలేదు. అంటే మారింది నొప్పి అనుభూతిని గూర్చిన అంచనాయే.

శస్త్రచికిత్స రంగంలో 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనం మరొక మార్గం చూపింది. వెన్నెముక శస్త్రచికిత్స పొందినవారికి ఓపియాయిడ్ మాత్రలతో పాటు బహిరంగ ప్లాసిబోను జతచేసి ఇచ్చారు. సాధారణ చికిత్స మాత్రమే పొందినవారికంటే వారు తక్కువ ఓపియాయిడ్లు వాడారు. మందుతో పదేపదే జతకూడిన సంకేతానికి శరీరం అలవాటుపడడం దీనికి ఒక వివరణ.

ఈ ఫలితాలకు పరిమితులున్నాయి. తాను ఏ బృందంలో ఉన్నదీ రోగికి తెలుస్తుంది కనుక, అతడు చెప్పే నొప్పి స్థాయిపై ఆ ఎరుక ప్రభావం ఉండవచ్చు. అందువల్ల బహిరంగ ప్లాసిబోను నొప్పి నివారణ మందుకు ప్రత్యామ్నాయంగా కాక, అనుబంధంగా మాత్రమే చూడాలి. అయినా వైద్యుడు రోగికి ఇచ్చే నిజాయితీతో కూడిన వివరణ చికిత్సకు బయటిది కాదనీ, అది కూడా చికిత్సలో భాగమేననీ ఈ పరిశోధనలు సూచిస్తున్నాయి.